చివరి మనిషితో మొదలుపెట్టండి

డిసెంబరు నెల, ఆదివారం, పొద్దున్న 6:30. రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల దగ్గర మేం 34 మందిమి చేరాం. గోదావరి మీద మంచు ఇంకా విడలేదు. పాత హేవలాక్ వంతెన స్తంభాలు ఒకటి కనబడితే ఒకటి కనబడటం లేదు. మా ఊళ్లో మేం పెట్టుకున్న మొదటి నడక అది. రుసుము లేదు, వేదిక లేదు, ముఖ్య అతిథి లేడు. ఘాట్ నుంచి గట్టు వెంట దామెర్ల రామారావు చిత్రశాల, అక్కడి నుంచి కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు, ఆఖరున ఆయన కట్టించిన టౌన్‌హాలు. వాటి మధ్య దూరం పెద్దదేమీ కాదు.

నేను ముందు నడిచాను. వారం రోజులు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను కాబట్టి చెప్పాల్సింది గుండెల నిండా ఉంది. ఆగిన ప్రతిచోటా గొంతెత్తి చెప్పాను. నా చుట్టూ నిలబడ్డ పది పన్నెండు మందీ శ్రద్ధగా విన్నారు. టౌన్‌హాలు ముందు ఫోటో తీద్దామని లెక్కపెడితే 29 మందే ఉన్నారు. ఐదుగురు ఎక్కడ ఆగిపోయారో మాలో ఎవరికీ తెలియదు.

మర్నాడు ఫోన్ వచ్చింది. రిటైరైన టీచరు, డెబ్భై దాటిన ఆవిడ. "బాబూ, నిన్న మెయిన్ రోడ్డు దగ్గర మీరంతా దాటేశారు. ఆ బళ్ల మధ్య నాకు కాలు ముందుకు పడలేదు. మా చెల్లీ నేనూ ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాం. ఏమీ అనుకోకండి" అన్నారు. నేను క్షమించమని అడిగేలోపే ఇంకో మాట అన్నారు. "మీరు తీసుకెళ్లిన వీధుల్లోనే నేను పుట్టి పెరిగాను. అక్కడ ఆగుతారు కదా, నాలుగు మాటలు చెబుదామని వచ్చాను."

ఆ ఫోన్ పెట్టేశాక చాలాసేపు కదల్లేకపోయాను. ఆ రోజు మా గుంపులో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి అందరికంటే వెనక నడిచింది. నేను వినిపించింది పుస్తకాల్లోది, ఆవిడ దగ్గర ఉన్నది ఆవిడ బతికినది. అది వినకుండానే మేం రోడ్డు దాటేశాం. ఈ అధ్యాయంలో నేను చెప్పబోయేదంతా ఆ ఫోన్ దగ్గరే పుట్టింది.

ఇలాంటి నడకలన్నీ కలిసిన నడక పండుగ అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. ఐదు కిలోమీటర్ల పరుగు కాదు, ప్లకార్డులు పట్టుకునే ర్యాలీ కాదు, డబ్బు తీసుకుని చార్మినార్ చూపించే టూరూ కాదు. ఒక ఊరివాళ్లు ఒకటి రెండు రోజులు ఎంచుకుని, ఎవరి పేటలో వాళ్లు చిన్న చిన్న నడకలు పెట్టి, పక్క పేటవాళ్లను పిలిచి చూపించుకోవడం. ఒకాయన తన వీధిలోని పాత బావులు చూపిస్తాడు, ఒకావిడ తన పేటలోని చెట్లు చూపిస్తుంది, ఒక కుర్రాడు వానొస్తే నీళ్లు ఎక్కడ నిలుస్తాయో చూపిస్తాడు. నడిపించేవాళ్లకు జీతం ఉండదు, నడిచేవాళ్లకు టికెట్ ఉండదు.

ఇప్పుడు ప్రపంచంలో ఈ పద్ధతికి అందరూ చెప్పుకునే పేరు 'జేన్స్ వాక్'. ఆ జేన్ ఎవరో తెలుసుకుంటే మీకు ధైర్యం వస్తుంది. జేన్ జేకబ్స్ 1916 మే 4న అమెరికాలోని స్క్రాంటన్‌లో పుట్టింది. నగరాల గురించి ఏ కాలేజీలోనూ డిగ్రీ తీసుకోలేదు. న్యూయార్క్‌లోని గ్రెనిచ్ విలేజ్‌లో, హడ్సన్ వీధిలో కాపురముంటూ, పొద్దున్న కొట్టు తలుపులు తీసేది ఎవరు, పిల్లలు బడికి ఏ దారిన పోతారు, రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరే మనిషిని ఎవరు గమనిస్తారు అని చూస్తూ ఉండేది. అలా చూసిందాన్నే 'ది డెత్ అండ్ లైఫ్ ఆఫ్ గ్రేట్ అమెరికన్ సిటీస్' అనే పుస్తకంగా 1961లో అచ్చు వేయించింది. నగర ప్రణాళిక చదువుకునే వాళ్లంతా ఇవాళ్టికీ ఆ పుస్తకం చదవాల్సిందే. వీధిని కాపాడేది ముఖ్యంగా పోలీసు కాదు, వీధి మీద ఉండే కళ్లు అని ఆమె అంది. మనకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. అరుగుల మీద కూర్చున్న తాతల కళ్లు తప్పించుకుని చిన్నప్పుడు మనం ఏ అల్లరి చేయగలిగాం?

ఆమె చూసి రాసి ఊరుకోలేదు. మాన్‌హాటన్ దక్షిణ భాగాన్ని చీల్చుకుంటూ వేయబోయిన ఎక్స్‌ప్రెస్‌వేను ఇరుగుపొరుగుతో కలిసి ఆపించింది. 1968లో కెనడాలోని టొరంటోకు మారాక, అక్కడా స్పడైనా ఎక్స్‌ప్రెస్‌వేకు ఎదురు నిలిచిన వాళ్లలో చేరింది. 1971లో ఆ రోడ్డు ఆగిపోయింది. 2006 ఏప్రిల్లో ఆమె పోయాక, మిత్రులు జ్ఞాపకార్థం ఏం చేయాలా అని ఆలోచించి, మరుసటి ఏడాది మే నెలలో టొరంటో వీధుల్లో ఉచిత నడకలు పెట్టారు. అప్పటి నుంచి ఏటా మే మొదటి శని, ఆదివారాల్లో, ఆమె పుట్టినరోజు చుట్టుపక్కల ఎన్నో దేశాల్లో ఇవి జరుగుతున్నాయి. నడిపించేవాళ్లు పండితులు కానక్కర్లేదు. నడక అంటే నడుస్తూ చేసే సంభాషణ. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ నియమమే.

అందుకని "నాకేం తెలుసు, నేనేం నడిపిస్తాను" అనే మాట ఇక్కడే వదిలేయండి. ఈ పుస్తకంలో చాలా చోట్ల భయం గురించి మాట్లాడుకున్నాం. అన్ని భయాల్లోకీ పెద్దమనిషి తరహాలో కనిపించేది ఇదే. వినయంలా ఉంటుంది, నిజానికి మనల్ని ఇంట్లో కూర్చోబెడుతుంది. మీ వీధిలో మొదట కరెంటు వచ్చిన ఇల్లు ఏదో మీకు తెలుసా? పాల కేంద్రం ఎదురుగా ఉన్న వేపచెట్టు ఎవరు నాటారో? కుళాయిలు రాకముందు నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో? ఈ మూడింటిలో ఒకటి తెలిసినా మీ నడకలో ఒక మజిలీ ఉన్నట్టే. ఒక్కటీ తెలియకపోతే తెలిసినవాళ్లు పక్కింట్లో ఉన్నారు. వెళ్లి అడగండి. ఆ అడగడంతోనే పండుగ సగం జరిగిపోతుంది.

ముగ్గురు మనుషులు

ఎంత చిన్న నడకకైనా ముగ్గురు కావాలి. మేం వాళ్లకు పెట్టుకున్న పేర్లు ముందు మనిషి, మలుపు మనిషి, చివరి మనిషి.

ముందు మనిషి దారి చూపిస్తాడు, మాట్లాడతాడు. అందరికీ కనిపించే పని కాబట్టి దీనికి మనుషులు సులువుగా దొరుకుతారు. మలుపు మనిషి రోడ్డు దాటే చోట, సందు తిరిగే చోట నిలబడి చివరివాళ్లు దాటిందాకా అక్కడే ఉంటాడు. తర్వాత చకచకా నడిచి మళ్లీ ముందు మలుపు అందుకుంటాడు. దీనికి కాళ్లలో చేవ ఉన్న కాలేజీ పిల్లలు సరిపోతారు.

చివరి మనిషి మాటకొద్దాం. ఇంగ్లండ్‌లో కొండదారుల్లో నడిచే సంఘాలవాళ్లు ఈ పనికి ఒకరిని నియమిస్తారు. గుంపులో ఎవరూ ఆయనకంటే వెనక ఉండకూడదు, అదే ఆయన ఉద్యోగం. చెప్పడానికి ఇంత తేలిక. చేయడానికి మాత్రం గట్టి మనిషి కావాలి. చెప్పు తెగినవాళ్లు, ఫోటో కోసం ఆగినవాళ్లు, ఆయాసపడేవాళ్లు, పిల్లాణ్ని ఎత్తుకున్న తల్లి, అందరూ ఆయనకే తగులుతారు. ముందు ఏం చెబుతున్నారో ఆయనకు వినబడదు, ఫోటోల్లోనూ ఆయన ఉండడు. కొంచెం కూడా విసుగు చూపించకూడదు. "పర్లేదమ్మా, నాకూ మెల్లగా నడవడమే ఇష్టం" అని మనస్ఫూర్తిగా అనగలగాలి. మీ బృందంలో అందరికంటే ఓపికైన మనిషి ఎవరో చూసి ముందు ఆ పని ఆయనకు ఇవ్వండి. ఆ తర్వాత మిగతా పనులు పంచండి. నేను మొదటి ఏడాది చేసిన తప్పు ఇదే. ఉపన్యాసం ఎవరు చెప్పాలో నెల ముందే తేల్చుకున్నాం, వెనక ఎవరు నడవాలనే మాటే మాకు తట్టలేదు.

చివరి మనిషి చేతిలో ఒక చిన్న పుస్తకం, పెన్ను, జేబులో ముందు మనిషి ఫోన్ నంబరు ఉండాలి. బయలుదేరేటప్పుడు ఎంతమంది, ప్రతి మజిలీ దగ్గర ఎంతమంది అన్నది రాయాలి. మధ్యలో ఇంటికి వెళ్లిపోతామన్న వాళ్లను సంతోషంగా పంపించి, వాళ్ల పేరు పక్కన ఒక గుర్తు పెట్టుకోవాలి. చెప్పి వెళ్లిన మనిషి తప్పిపోయినట్టు కాదు.

దారి ఎలా వేయాలి

దారి కాగితం మీద గీయొద్దు, కాళ్లతో వేయండి. పండుగకు రెండు వారాల ముందు, అదే రోజున, అదే గంటకు, అందరికంటే మెల్లగా నడిచే మనిషిని వెంటబెట్టుకుని ఒకసారి నడిచి రండి. రెక్కీ అని దీన్నే అంటాం. ఆదివారం ఆరున్నరకు ఖాళీగా ఉండే రోడ్డు ఎనిమిదిన్నరకు చేపల మార్కెట్‌కు వచ్చిన బళ్లతో నిండిపోవచ్చు. వీధి కుక్కలు ఏ సందులో గుంపుగా ఉంటాయో, డ్రైనేజీ మూత ఎక్కడ లేదో, మెట్లకు పట్టుకోవడానికి కడ్డీ ఉందో లేదో ఈ నడకలోనే తెలుస్తుంది. ఫుట్‌పాత్ లేని రోడ్డయితే కుడి పక్కన, ఎదురొచ్చే బళ్లు కనబడేలా నడవాలి. ఎక్కడ దాటాల్సి వచ్చినా గుంపంతా ఒక్కచోట పోగై ఒక్కసారే దాటాలి. సగం మంది అటు, సగం మంది ఇటు అయిపోతే నడక అక్కడే తెగిపోతుంది.

దూరం విషయంలో ఆశపడకండి. మనిషి ఒంటరిగా గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడుస్తాడు. పాతికమంది ఆగుతూ, వింటూ, మాట్లాడుకుంటూ నడిస్తే రెండు కిలోమీటర్లకే గంటన్నర పడుతుంది. అంతకు మించి పెడితే మీరు చెప్పేది కాక వాళ్ల మోకాళ్లు చెప్పేదే వాళ్లకు వినబడుతుంది. పాతికమంది దాటితే రెండు జట్లు చేయండి. మైకు మోసుకురావద్దు. మైకు వచ్చిందంటే మాట్లాడేవాడు ఒక్కడైపోతాడు.

రెక్కీలో తప్పకుండా చూడాల్సింది ఇంకొకటి ఉంది, దాన్ని మగవాళ్లు నడిపే బృందాలు ఎప్పుడూ మరిచిపోతాయి. మరుగుదొడ్డి. బయలుదేరే చోట, మధ్యలో, ఆఖరున ఆడవాళ్లు వాడుకోగలిగిన మరుగుదొడ్డి ఎక్కడుందో, ఆ వేళకు తాళం తీసి ఉంటుందో లేదో చూసుకోండి. లేకపోతే దారిలో ఉన్న ఒక ఇంటివాళ్లనో, గ్రంథాలయంవాళ్లనో, ఓ హోటల్ యజమానినో ముందుగా అడిగి పెట్టుకోండి. ఇది తేలకపోతే పెద్ద వయసు ఆడవాళ్లు రారు. ఎందుకు రాలేదో చెప్పరు కూడా. మీరేమో వాళ్లకు ఆసక్తి లేదనుకుంటారు.

స్థానిక పోలీస్ స్టేషన్లో ఒక కాగితం రాసి ఇవ్వండి. తేదీ, వేళ, దారి, ఎంతమంది, బాధ్యుడి ఫోన్ నంబరు, ఇంతే. ప్రార్థనా స్థలాల లోపలికి వెళ్లేటట్టయితే అక్కడి పెద్దలను స్వయంగా కలవండి, ఫోన్లో అడగొద్దు.

ఎండ

టొరంటోవాళ్లకు మే అంటే చలి తగ్గి వీధిలోకి వచ్చే నెల. మనకు అది రోహిణి కార్తె మొదలయ్యే నెల. పద్ధతి తెచ్చుకోండి, తేదీ తెచ్చుకోకండి. కార్తీకం నుంచి మాఘం దాకా, అంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో పెట్టుకుంటే సుఖం. సంక్రాంతికి ఊళ్లకు వచ్చినవాళ్లు కలుస్తారని ఆశ ఉంటే కనుమ మర్నాడు పెట్టండి. పండుగ మూడు రోజులూ ఇంటి ఇల్లాలికి తీరికుండదు.

ఎండను తేలిగ్గా తీసుకోకూడదని చెప్పడానికి ఒక పెద్ద ఉదాహరణ ఉంది. నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌లో జరిగే నాలుగు రోజుల నడక 1909 నుంచి వస్తోంది. వేలాది మంది రోజుకు 30, 40, 50 కిలోమీటర్లు నడుస్తారు. అంత అనుభవం ఉన్న ఆ పండుగలో 2006 జులైలో మొదటి రోజే ఎండ దెబ్బకు ఇద్దరు చనిపోయారు. నిర్వాహకులు మిగిలిన మూడు రోజులూ రద్దు చేశారు. ఏడాదంతా సిద్ధమై వచ్చిన వేలమందికి వద్దని చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. మీ చిన్న నడకకూ ఎవరో ఒకరికి ఆ అధికారం ముందే ఇచ్చి ఉంచండి. పొగమంచు కమ్మినా, వాన పట్టినా, ఎవరికైనా కళ్లు తిరిగినా, ఆయన ఆపమంటే ఆపాలి, మిగతావాళ్లు వాదించకూడదు. నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు చివరి మనిషి సంచిలోనే పెట్టండి. అవసరం పడేది అక్కడే.

మనుషుల్ని ఎలా అడగాలి

"సేవ చేసేవాళ్లు దొరకడం లేదండీ" అని చాలామంది అంటారు. సింహాచలం గిరి ప్రదక్షిణ ఒక్కసారి చూసి రండి. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ దాదాపు 32 కిలోమీటర్లు, రాత్రంతా నడుస్తారు జనం. హనుమంతవాక, అప్పుఘర్, ఎన్ఏడీ, గోపాలపట్నం, ఎక్కడ చూసినా రోడ్డు పక్కన బల్లలు వేసుకుని మంచినీళ్లు, మజ్జిగ, పండ్లు, పులిహోర ఇచ్చేవాళ్లే. రాత్రి రెండు గంటలప్పుడు కూడా గ్లాసు ఎదురొస్తుంది. వాళ్లను బతిమాలి ఎవరూ పిలవలేదు. ప్రతి బల్ల వెనకా ఒక అపార్ట్‌మెంటో, ఒక కుటుంబమో, ఒక స్నేహితుల జట్టో ఉంటుంది. ఈ పది గజాల రోడ్డు మాది, ఇక్కడికి వచ్చిన మనిషి దాహంతో వెళ్లకూడదు అని వాళ్లు అనుకున్నారు. అక్కడ భక్తి ఉంది, మీ నడకలో అది ఉండకపోవచ్చు. కానీ పని హద్దు స్పష్టంగా ఉంటే మనిషి ముందుకొస్తాడన్న సంగతి రెండుచోట్లా ఒకటే.

అందుకే "మా కార్యక్రమానికి సహకరించండి" అని అడగొద్దు. "ఆదివారం 7:15 నుంచి 7:45 దాకా మీ మెడికల్ షాపు ముందు మలుపులో నిలబడతారా, పాతికమంది వస్తారు, వాళ్లను రోడ్డు దాటించాలి" అని అడగండి. ఆయన వాచీ చూసుకుని సరేనంటాడు. పెళ్లివారింట్లో చూడండి. తాంబూలాల పళ్లెం దగ్గర పిన్ని, వడ్డన దగ్గర మేనమామ, చెప్పుల దగ్గర పిల్లలు. "అందరూ అన్నీ చూసుకోండి" అన్న పెళ్లిలో పప్పు మాడుతుంది.

ఒక పని మీద ఇద్దరిని పెట్టండి, ఒకరికి జ్వరం వస్తే రెండోవాళ్లుంటారు. ఏ బాధ్యతా ఒకే మనిషి మీద వరసగా మూడేళ్లు ఉంచొద్దు. ముఖ్యంగా మీ మీద.

పుస్తకం మూయండి

నడిపించేవాళ్లు మాట్లాడే పద్ధతి గురించి ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను. 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు వెలివేసింది. వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్లు మోసి తెచ్చారని చెప్పుకుంటారు. మొదటి ఏడాది నేను ఇదంతా ఇంటి ముందు నిలబడి పది నిమిషాలు చెప్పాను. అందరూ తలలూపారు.

రెండో ఏడాది ఏమీ చెప్పలేదు. ఘాట్ దగ్గర ఒక ఇత్తడి బిందె నింపి, దీన్ని ఆ ఇంటిదాకా మనమంతా వంతులవారీగా మోద్దాం అన్నాను. ఎందుకో అప్పుడు చెప్పలేదు. పాతికేళ్ల కుర్రాళ్లు వంద అడుగులకే భుజం మార్చారు. డిగ్రీ చదివే ఒక అమ్మాయి ఇంటిదాకా నేనే మోస్తానని పట్టుబట్టి, తీరా గుమ్మం దగ్గర దించేసరికి ఓణీ సగం తడిసిపోయి, చేతులు వణుకుతున్నాయి. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారి పేరు చెప్పాను. ఒక్క వాక్యం. ఆ అమ్మాయి బిందె వైపు చూస్తూ "పెళ్లికి ఎన్ని బిందెలు కావాలి?" అని అడిగింది. మేం ఎవ్వరం జవాబు చెప్పలేదు.

మీ ఊళ్లోనూ ఇలాంటి బిందె ఒకటి ఉంటుంది. చేనేత ఊరైతే మగ్గం గుంటలో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టండి. చెరువు ఊరైతే తూము దగ్గర చెయ్యి పెట్టి నీటి వడి చూడమనండి. మీరు చెప్పేది తగ్గించి వాళ్లు చేసేది పెంచండి. ప్రతి మజిలీలో చివరి మనిషి వచ్చి తల ఊపేదాకా నోరు తెరవకండి. అందరూ వచ్చాక మొదటి ప్రశ్న మీరే వేయండి, "ఇక్కడ ఇంకేమైనా తెలిసినవాళ్లున్నారా?" అని. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని భరించండి. పది క్షణాలు చాలా పొడుగ్గా అనిపిస్తాయి. పదకొండో క్షణంలో ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు.

ఆ రెండో ఏడాది టీచరుగారిని ఇంటికి వెళ్లి పిలిచాను. ఈసారి ముందు ఆవిడే నడిచారు, చేతికర్రతో. మేమంతా ఆవిడ వెనక. ఆ కర్ర చప్పుడే మా వేగం. మెయిన్ రోడ్డు దగ్గర ఇద్దరు మలుపు మనుషులు బళ్లు ఆపితే, ఆవిడ నడి రోడ్డు మీద ఒక్క నిమిషం నిలబడి మరీ దాటారు. గట్టు మీద ఆగి, 1986 ఆగస్టు వరద రోజుల్లో నది శబ్దానికి రాత్రుళ్లు ఎవరూ నిద్రపోలేదని, పిల్లలకు చెప్పులు వేసే పడుకోబెట్టారని చెప్పారు. ఏ పుస్తకంలోనూ నేను చదవని మాట అది.

టౌన్‌హాలు చేరేసరికి ఇడ్లీలు సిద్ధంగా ఉన్నాయి. చివరి మనిషి తన పుస్తకం నా చేతికిచ్చాడు. బయలుదేరినప్పుడు 41. ఇప్పుడు 43. తప్పు లెక్కేమో, మళ్లీ చూడమన్నాను. ఆయన ఏమీ అనకుండా వరండా వైపు చూపించాడు. పాల ప్యాకెట్లు చేతిలో పట్టుకున్న పదేళ్ల కుర్రాడూ, వాణ్ని వెతుక్కుంటూ మా వెనక వచ్చిన వాళ్ల నాయనమ్మా అక్కడ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ టీచరుగారితో ఆ వరద గురించే మాట్లాడుతోంది.